మోకాళ్ళ మీద మట్టి, ఒక ప్రార్థన

కర్ణాటకను ఇంకా మైసూరు రాష్ట్రమనే పిలిచే రోజుల్లో, అరిగిపోయిన మోకాళ్ళకు మట్టి వైద్యం చేయించుకుందామని కాకినాడ నుంచి ఒక్కదాన్నే బీదరు వెళ్ళాను. మా వారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ చికిత్సాలయంలో ప్రతివాళ్ళకీ తోడు ఎవరో ఒకరు ఉన్నారు. నేను మాత్రం డాక్టరుగారు పలకరిస్తేనే నోరు విప్పేదాన్ని.

రోజూ పొద్దున్నే పక్కనే ఉన్న చిద్రి ఊరి నుంచి ఒక తెలుగామె వచ్చి, తడిపిన నల్లమట్టిని నా మోకాళ్ళకు మందంగా పట్టించేది. అది ఆరేదాకా కదలకూడదు. ఆమె పక్కనే కూర్చునేది. ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

తొమ్మిదో రోజున ఆమె, "అమ్మా, మేము కిరస్తానపోళ్ళం. మీరేమనుకోకుంటే మీ కాళ్ళ కోసం ప్రార్థన జేస్త" అంది. నన్నెవరూ అలా అడిగి ఎరగరు. కాదనలేక తలూపాను. ఆమె ఆ మట్టి మీదే చేతులు ఆనించి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ అమ్మ మోకాళ్ళు జర నయం జెయ్యి. ఈమెకు మాట్లాడనీకి ఎవలు లేరు. గది గూడ నువ్వే సూడాలె."

ఆ రెండో సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఈమె ఎలా కనిపెట్టిందో! ఆమె కళ్ళు తెరిచేసరికి నేను ఏడుస్తున్నాను.

"నొప్పైతాందా అమ్మా?"

"లేదు. నీ పేరేమిటి?" అన్నాను. అన్ని రోజులూ అడగనే లేదని సిగ్గేసింది.

"సుందరమ్మ" అంది. పిల్లలెందరని అడిగాను. ముగ్గురి ముచ్చట్లూ చెప్పుకొచ్చింది. మోకాళ్ళ మీద మట్టి ఎండి పగుళ్ళిచ్చింది. అయినా కడగమని నేను అనలేదు.