పైన కన్నీరు, కింద కేకు

వీబ్కె లూర్స్‌ను మా ఆఫీసులో ఎదుట "ఫ్రౌ లూర్స్" అనేవాళ్ళం, వెనక "చెయ్యి" అనేవాళ్ళం. మంగళవారం చెయ్యి వస్తుంది. చెయ్యి ఏమంటుందో చూద్దాం. చెయ్యికి జలుబట, పత్రిక కవరు రేపటికి వాయిదా. హాంబుర్గ్‌లో వారపత్రికలు నడిపేవాళ్ళకు మర్యాదలకు తీరిక ఉండదు.

మా పత్రిక పేరు ‘సాయంకాలపు గులాబీ’. అరవై దాటి ఒంటరిగా బతికే ఆడవాళ్ళ కోసం నడిచేది. రాణుల కడుపుకోతలు, పాత గాయకుల మోకాళ్ళు, ఒకప్పుడు టీవీలో కనిపించిన మొహాల విడాకులు మా సరుకు. ఇలాంటి పత్రికల మాట వస్తే చదువుకున్నవాళ్ళు వెంటనే జాలిపడిపోతారు, అమాయకపు ముసలమ్మలను మోసం చేస్తున్నారని. నేనూ తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుని అక్కడ చేరినవాణ్ణే. కవరు మీది వాక్యాలు రాయడం నా ఉద్యోగం. నాకు తెలిసినంతలో ఆ ముసలమ్మల్లో అమాయకులు తక్కువ. "యువరాణి ఇక నడవలేదా?" అని పైన ఉంటే, లోపల చీలమండ బెణికిందని ఉంటుందని వాళ్ళకు తెలుసు. తెలిసే కొంటారు. సూపర్‌మార్కెట్లో బిల్లు కట్టడానికి వరుసలో నిలబడ్డంతసేపూ తమకంటే అధ్వాన్నంగా ఏడుస్తున్న మనిషి, అందులోనూ కిరీటం ఉన్న మనిషి, తమ బుట్టలో పడి ఉందన్న ఊరట వాళ్ళకు కావాలి. ప్రశ్నార్థకం వాళ్ళ కోసం కాదు, కోర్టు కోసం.

మా ప్రధాన సంపాదకుడు రాత్యె, ఏడాది పొడవునా ఒకే బూడిదరంగు స్వెట్టర్ వేసుకునే మనిషి, నడవ చివర ఒక కియోస్కు, వీధిలో పత్రికలమ్మే కొట్టు లాంటిదే, కట్టించాడు. ఎక్కడో మూతపడిన దుకాణం నుంచి అరలు తెచ్చి, మా పోటీ పత్రికలన్నీ వాటిలో సర్ది, పక్కన చూయింగ్ గమ్ములు, లైటర్లు కూడా పెట్టించాడు. అరలో పత్రికలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కదా, ఎడమ అంచు నాలుగు వేళ్ళ మేరే పైకి కనిపిస్తుంది. అందుకే మొహం ఎడమ పక్కనే ఉండాలి, కళ్ళు కొనే మనిషి కళ్ళల్లోకి చూడాలి, అక్షరాలు ఎర్రటి పట్టీ మీద పసుపు రంగులో ఉండాలి. పైన కన్నీరు, లోపల వంటకం ఉందని కింద మూలన ఒక కేకు బొమ్మ. కన్నీరు లేకపోతే చెయ్యి రాదు, కేకు లేకపోతే చేతికి సిగ్గేస్తుంది. ఇంటికెళ్ళాక "వంట కోసం కొన్నా" అని తనకు తాను చెప్పుకోవడానికి కేకు.

ఇన్ని సూత్రాలున్నా, వారం వారం తయారుచేసే మూడు కవర్లలో ఏది అమ్ముడుపోతుందో మాలో ఒక్కరికీ తెలిసేది కాదు. వీబ్కె వచ్చేదాకా.

ఆమెను రాత్యె బిల్‌ష్టెట్‌లో ఒక సూపర్‌మార్కెట్ వరుసలో పట్టుకున్నాడు. బుట్టలో పాలు, సగం రొట్టె, ఒక చేపల డబ్బా. ముందుకు నడుస్తూనే, తల తిప్పకుండానే ఆమె చెయ్యి అరలోకి వెళ్ళి మా పత్రికను లాగిందట. పామును పట్టేవాడి చెయ్యిలా ఉందన్నాడు. అప్పటికి ఆమెకు అరవై ఆరు. ఓడరేవులో క్రేన్ నడిపే మొగుడు పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచి మడిచి పదవీ విరమణ చేసింది. ఆ జీవితంలో ఆమెను ఎవరైనా ఒక అభిప్రాయం అడిగిన దాఖలా లేదు.

మేం అడిగాం. ప్రతి మంగళవారం మూడు కవర్లను పాత సంచికలకు తొడిగి ఆ దొంగ కియోస్కులో పెట్టేవాళ్ళం. ఆమె కోటు విప్పకుండా, చేతికి బుట్ట తగిలించుకుని, నడవలో నడిచి వచ్చేది. ఆగకూడదు, ఆలోచించకూడదు. చెయ్యి ఏది లాగితే అది అచ్చుకు వెళ్ళేది. ఆ తరవాత మా బల్ల దగ్గర, కిటికీ పక్క కుర్చీలో కూచోబెట్టి, కాఫీ, వెన్న కేకు ముక్క ఇచ్చేవాళ్ళం. ఆ కుర్చీలో ఇంకెవరూ కూచునేవారు కారు. అందరూ ఆమె వంక చూసేవాళ్ళు. మంగళవారం కోసం ఆమె సోమవారమే జుట్టు చుట్టుకుంటుందని మాకు తెలుసు. ఎందుకు అదే తీశావని ఎవరైనా అడిగితే, "ఆవిడ పని అయిపోయినట్టు కనిపించింది" అనేది. అంతకుమించి చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఉంటే పనికిరాదని రాత్యె అనేవాడు.

ఆపైన హిన్రిష్ వచ్చాడు.

ఎల్బె నది మీద ఫెర్రీలో తాళ్ళు వేసి రిటైరైన మనిషి. పెద్ద పొట్ట, నీలం టోపీ. ఫెర్రీ రేవులో వీబ్కె చేపరొట్టె తింటుంటే సముద్రపు కాకి ఆమె చేతిలోది తన్నుకుపోయిందట. ఇతను తన రొట్టె విరిచి సగం ఇచ్చాడట. "ఆ కాకిని నేనే పెంచాను పిల్లా, ఆడవాళ్ళను పరిచయం చేస్తుందని" అన్నాడట. ఇది మాకు వీబ్కె చెప్పింది, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని పిల్లా అన్నాడని రెండుసార్లు చెప్పింది. ఒకసారి అతణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది కూడా. అతను మా కియోస్కు ముందు నిలబడి, కవర్లన్నీ చదివి, ఇవి నిజంగా డబ్బులిచ్చి కొంటారా అని చాలా మర్యాదగా అడిగాడు. వీబ్కె అతని మోచెయ్యి గిల్లింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మరుసటి వారం ఒక ఫొటో తెచ్చింది. ఎల్బె ఒడ్డున బెంచీ మీద ఇద్దరూ, వెనకనుంచి ఎవరో దారినపోయేవాళ్ళు తీసింది. ఎడమపక్క ఆమె గోధుమరంగు కోటు, కుడిపక్క అతని టోపీ, అతని చెయ్యి ఆమె భుజం మీద, ఎదర నీళ్ళు. దాన్ని మా దొంగ కియోస్కులో చూయింగ్ గమ్ముల పక్కన టేపుతో అంటించింది. ఎవరూ కాదనలేదు.

అక్కడినుంచి ఆమె చెయ్యి చెడిపోయింది.

ముందు స్వీడన్ వైపు ఎవరిదో పెళ్ళి తీసింది. పోలేదు. తరవాత ఒక గాయకుడి మనవడు, పళ్ళులేని బోసినవ్వు. అదీ పోలేదు. ఆపైన ఒక నటి షష్టిపూర్తి. కట్టలు కట్టలుగా వెనక్కి వచ్చాయి. ఆ వారాల కవర్లన్నీ తీసి చూస్తే, అన్నిసార్లూ ఆమె వదిలేసిన వాటిలోనే కన్నీళ్ళున్నాయి. రాత్యెకు ఒక్క చూపులో అర్థమైంది. "చెయ్యికి సుఖం తగిలింది" అన్నాడు. సుఖపడేవాళ్ళు మా పత్రిక కొనరు. ఎవరైనా కొనడం మానేస్తే వాళ్ళకు పోయేకాలం వచ్చిందనో, ప్రేమ వచ్చిందనో మేం లెక్కవేసుకునేవాళ్ళం. రెండూ మాకు ఒకటే.

విషయం ఆమెకూ తెలుసు. కేకు ముక్క చిన్నదవుతోందని గమనించే ఉంటుంది. ఒక మంగళవారం రాత్యె ఆమె పక్కన కూచుని, మెల్లగా, డాక్టరు మాట్లాడినట్టు మాట్లాడాడు. మీకు విశ్రాంతి కావాలేమో, వేరే ఒకావిడను చూస్తున్నామని, ఆవిడకు మొన్ననే మొగుడు పోయాడని చెప్పాడు. వీబ్కె కప్పు కింద పెట్టింది.

"ఇంకో వారం చూడండి, హెర్ రాత్యె," అంది. "మళ్ళీ వస్తుంది. నాకు తెలుసు, వస్తుంది."

ఆ వారం కవరుకు మా దగ్గర ఇసోల్డ టీడె కథ ఉంది. ఒకప్పుడు శనివారం రాత్రుళ్ళు టీవీలో దేశానికంతా శుభరాత్రి చెప్పిన మనిషి, ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆమె తోటమాలి ఉద్యోగం మానేసి స్పెయిన్ వెళ్ళిపోయాడు. కథ అంతే. నేను "అందరూ వెళ్ళిపోయారు" అని రాశాను. బాగా రాశాను. ఫొటో మాత్రం లేదు. దొరికిన ఫొటోలన్నిటిలో ఆమె పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. అప్పుడు రాత్యె నడవ చివరికి వెళ్ళి, టేపు ఊడదీసి, ఆ బెంచీ ఫొటో తెచ్చి లేఅవుట్ వాళ్ళ ముందు పెట్టాడు. కుడిపక్క కోసేయమన్నాడు.

కవరు మీద కళ్ళు ఉండాలి కదా అని ఎవరో అన్నారు. మొహం చూపిస్తే అది టీడె అవుతుంది, వీపు చూపిస్తే కొనే ప్రతి మనిషీ అవుతుంది అన్నాడు రాత్యె. టోపీ పోయింది, పెద్ద వీపు పోయింది. భుజం మీది చేతిని బ్రష్‌తో తుడిచేశారు. సగం ఖాళీ బెంచీ, చిన్న వీపు, బూడిదరంగు నీళ్ళు. ఊహాచిత్రం అన్న మాట లోపల చీమతలకాయంత అక్షరాల్లో వేశాం. అది చట్టం.

మంగళవారం వీబ్కె వచ్చింది. అదే కోటు. కియోస్కులో ఒక యువరాణి పసిపాప, ఒక గాయకదంపతుల స్వర్ణోత్సవం, ఈ వీపు. మేమంతా గుమ్మాల దగ్గర నిలబడ్డాం. ఆమె బుట్ట తగిలించుకుని నడిచింది. తల తిప్పలేదు. చెయ్యి వెళ్ళింది, లాగింది. పాత చెయ్యే.

రెండడుగులు వేశాక చేతిలోది చూసుకుంది. తన కోటు చూసుకుంది. టేపు ఊడిన చోటు వంక తిరిగింది. రాత్యె దగ్గరికొచ్చాడు. ఈ విషయంలో అతణ్ణి తప్పుపట్టడానికి లేదు, తేటగానే చెప్పాడు.

"వద్దంటే చెప్పండి, ఫ్రౌ లూర్స్. పసిపాపను వేస్తాం. మీ ఇష్టం."

పసిపాపను వేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కిటికీ పక్క కుర్చీ వంక చూసింది. ఆ రోజు అక్కడ కేకు ముక్క పెద్దదే పెట్టించాడు రాత్యె.

"ఇది పోతుంది," అంది వీబ్కె.

"అయితే?"

"అయితే వెయ్యండి."

పోయింది. ఆ ఏడాది అలా పోయిన సంచిక మరొకటి లేదు. శుక్రవారానికల్లా అరలు ఖాళీ.

హిన్రిష్ దాన్ని ఫెర్రీ రేవులో చూశాడు. జన్మలో మొదటిసారి డబ్బిచ్చి కొని, వీబ్కె ఇంటికి తెచ్చి, వంటింట్లో ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే తొక్కల మీద పెట్టాడు. అక్కడ జరిగింది ఆమె తరవాత మాకు చెప్పింది, మడిచిన దుప్పట్ల లెక్క చెప్పినట్టు, ఏ మాటా పెంచకుండా.

"ఇది నీ కోటు," అన్నాడు.

"అవును."

"భుజం దగ్గర ఈ నొక్కు చూడు. నా చెయ్యి తీసేశారు గానీ నొక్కు మర్చిపోయారు." ఇక్కడ అతను కాస్త నవ్వాడట. "మనల్ని అడక్కుండా వేశారు దొంగనాయాళ్ళు. పద, వెళ్ళి ఆ స్వెట్టర్ వాణ్ణి నదిలో ముంచొద్దాం."

"అడిగారు," అంది వీబ్కె.

"ఎవర్ని?"

"నన్ను. తీసింది నేనే, హిన్రిష్. ఇద్దరుంటే అమ్ముడుపోదు."

అతను కుర్చీ లాక్కుని కూచున్నాడు. కత్తి ఆమె చేతిలోంచి తీసుకుని, మిగిలిన దుంపలు తనే చెక్కాడు. అన్నీ అయ్యాక అడిగాడు.

"మరి అమ్ముడుపోయిందా?"

"మొత్తం."

"మంచిది పిల్లా," అన్నాడు. స్నానాలగదిలోంచి తన రేజరు తీసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు. దుంపలు ఉడికేదాకా కూడా ఆగలేదు. ఆమె వెనకే వెళ్ళి పిలవలేదా అని మాలో ఒకమ్మాయి అడిగింది. పొయ్యి మీద నీళ్ళున్నాయి కదా అంది వీబ్కె.

మానవత్వం గురించి ఎవరైనా ఇక్కడ ఒక పేరా రాయొచ్చు. మా ఆఫీసులో ఆ రోజు ఎవరూ అలాంటిది మాట్లాడలేదు. నేను మాత్రం, ఆ కవరు ఇప్పుడు నిజమైపోయింది కదా అన్నాను రాత్యెతో. అతను ప్రూఫులోంచి తల ఎత్తలేదు.

"మనం అబద్ధాలు ఎప్పుడేశాం?" అన్నాడు. "కాస్త ముందుగా వేస్తాం, అంతే."

కొత్తగా మొగుడు పోయినావిడను ఇక రావద్దని చెప్పేశాం. ఆ శీతాకాలమంతా వీబ్కె చెయ్యి ఒక్కసారి తప్పలేదు. పక్షవాతం వచ్చిన ఆర్కెస్ట్రా కండక్టరు, కొడుకు మొహం చూడని రాణి, కుక్క చచ్చిపోయిన నటి. నడవలో ఆమె అడుగుల చప్పుడు వినగానే చెప్పగలిగేవాళ్ళం, వారం గట్టెక్కిందని. పాత ఫొటో ఏమైందని ఆమె అడగలేదు. లేఅవుట్ వాళ్ళు దాన్ని ఎక్కడో పారేశారు. ఫెర్రీ ఎక్కడం మానేసి రెండు బస్సులు మారి వస్తోందని మాత్రం ఎవరో చెప్పారు.

మార్చిలో ఒక మంగళవారం కాఫీ తాగుతూ ఆమె మొదటిసారి తనంతట తాను ఒక సలహా ఇచ్చింది. కవరు కింది మూల మీద వేలు పెట్టింది. అక్కడ యాపిల్ కేకు బొమ్మ, పక్కన "పన్నెండు ముక్కలు" అని ఉంది.

"ఇది ఎవరు తింటారు?" అంది. "చిన్న గిన్నెకి సరిపడేది వెయ్యండి."

రాత్యె నా వంక చూశాడు. నేను పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, "చిన్న గిన్నె కేకు, ఒక్కరికి" అని రాశాను. ఆ వారం ఇంకాస్త ఎక్కువ పోయింది. ఇప్పటికీ కవరు కింది మూలన అదే ఉంటుంది.