జానీ వదిలెళ్ళిన ఏడు ముక్కలు

బంగారురాజు బాబాయ్ గూడ్సు గార్డు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలట. అలా పిలిస్తే ఇంకెవర్నో పిలిచారనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. ఊరు అనకాపల్లి పక్కన. ఉద్యోగమంతా విశాఖపట్నం పోయే ఈ లైన్లోనే, ఇనుపరాయి బళ్ళ వెనక చివరి డబ్బాలో.

జగదల్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆడేది బ్రిడ్జి. నలుగురు ఆట, ఎదురెదురు ఇద్దరూ ఒక జట్టు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు, మొత్తం పదమూడు. ఇన్ని పట్లు తీస్తామని ఒక జట్టు పాట పాడుతుంది. పాడినవాడు ఆడతాడు. వాడి ఎదుటివాడు తన ముక్కలన్నీ బల్ల మీద పరిచి నోరు మూసుకుంటాడు. వాణ్ణి డమ్మీ అంటారు. మా ఊరు ఎర్రబోరు. డిగ్రీ మధ్యలో వదిలేసి రూములో పడుంటే, నాలుగో మనిషి దొరక్క నన్ను లాక్కొచ్చి కూచోబెట్టారు. నా ఆట చెత్త. ఆ సంగతి వదిలేయండి.

ఇక్కడొక రూలుంది, ఇంకెక్కడా ఉండదు. ఆడేవాళ్ళంతా బళ్ళ మీద పోయేవాళ్ళు. ఏ క్షణంలో డ్యూటీకి కాల్ వస్తుందో తెలీదు. కాల్ వచ్చిందని ఆట పాడు చేయరు. బోర్డు అని ఒక ప్లాస్టిక్ పళ్ళెం ఉంటుంది, నాలుగు జేబులతో. ఎవరి చేతిలో మిగిలిన ముక్కలు వాళ్ళ జేబులో పెట్టి బీరువాలో దాస్తారు. వెళ్ళినవాడు తిరిగొచ్చాక అక్కడి నుంచే మళ్ళీ మొదలు. ఆట పూర్తయ్యేదాకా ఆ బోర్డు ఎవరూ ముట్టకూడదు.

బీరువాలో పై అరలో ఒక ఎర్ర బోర్డు కోవిడ్‌కి ముందు నుంచీ ఉంది. అది జానీది.

జానీ ఇంజిను డ్రైవరు, బంగారురాజు జట్టు. ఇద్దరూ పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఎదురెదురు కూచున్నవాళ్ళు. ఆ రోజు జానీ నాలుగు ఇస్పేట్లు పాడాడు. ఇస్పేటు తురుపుగా పది పట్లు తీయాలి. ఆరు పట్లయ్యేసరికి మూడు పోయాయి. మిగిలిన ఏడూ రావాల్సిందే. అప్పుడు కాల్ వచ్చింది. "ఉంచు బావా, వచ్చి తీస్తాను" అని బండెక్కి విశాఖపట్నం పోయాడు. అక్కడ ఓ క్లబ్బులో ఆడుతుంటే రాయపూర్ శేఠ్ ఒకాయన చూశాడు. బ్రిడ్జిలో అదో పద్ధతి, డబ్బున్నవాడు మంచి ఆటగాణ్ణి జీతమిచ్చి ఎదురుగా కూచోబెట్టుకుంటాడు. జానీ రైలు ఉద్యోగం వదిలేశాడు. ఇప్పుడు ఢిల్లీ, చెన్నై, సింగపూర్. పెద్ద పోటీల్లో అతని ఆట ఫోన్లో లైవ్ వస్తుంది.

బాబాయ్ రెస్టు రోజున వరండాలో కూచుని అదే చూస్తాడు. "ఇప్పుడు ఆఠీను ఏత్తాడు సూడు" అంటాడు. జానీ ఆఠీనే వేస్తాడు. బాబాయ్ మొహం వెలిగిపోతుంది, కాసేపటికి ఆరిపోతుంది. ఎదుటి కుర్చీలో శేఠ్ ఉంటాడుగా.

నూకమ్మ పిన్ని ఊరుకోదు. "డ్యూటీకి అన్నం డబ్బా మర్సిపోతాడు గానీ జానీ ఆట మర్సిపోడు. నన్నెందుకు సేసుకున్నావయ్యా, జానీనే సేసుకోపోయావా!"

"ఆడికి అప్పటికే సంబంధం కుదిరిపోయిందే" అంటాడు ఈయన.

మొన్న ఫాల్గుణంలో జానీ ఫోన్ చేశాడు. శేఠ్‌కి నగర్నార్ స్టీలు ప్లాంటు వైపు ఏదో పనుందట, తనూ వస్తున్నాడట. "ఆదివారం మధ్యాహ్నం మీ దగ్గరే బావా. ఆడదాం."

బాబాయ్ ఆ ఆదివారానికి రెస్టు అడిగి తీసుకున్నాడు. బల్ల మీది ఆకుపచ్చ గుడ్డ తనే ఉతికాడు. అప్పుడు ఎదురు ఆడిన ఇద్దరూ బదిలీ మీద పోయారు కాబట్టి వాళ్ళ జేబులు నాకూ ప్రవీణ్‌కుమార్‌కీ వచ్చాయి. ప్రవీణ్ అసిస్టెంటు డ్రైవరు.

"ఒక తురుపు ఇంకా బైటుంది, అవతలోళ్ళ సేతిలో" అన్నాడు బాబాయ్, జేబులు తెరవకుండానే. "దాన్ని ముందు లాగకపోతే ఆట పోద్ది. జానీ ఎలా లాగుతాడో ఇన్నేళ్ళూ అనుకుంటానే ఉన్నాను."

"అంత పెద్ద ఆటగాడు, లాగడానికి ఏంది కష్టం?" అన్నాను.

"కష్టం కాదొరే. సూడాలనుంది."

జానీ వచ్చేసరికి మూడు దాటింది. తెల్ల చొక్కా, మంచి సెంటు. బాబాయ్‌ని వాటేసుకుని వదల్లేదు. ఆ ప్రేమ అబద్ధం కాదు, నేను చూశాను. బయట కారు ఇంజిను మాత్రం ఆపలేదు. చీకటి పడేలోపు శేఠ్‌కి చిత్రకోట్ జలపాతం చూడాలనుందట.

"బావా, ఏటనుకోకు. అరగంట కూడా లేదు."

"ఒక్క ఆటే" అని బాబాయ్ ఎర్ర బోర్డు బల్ల మీద పెట్టాడు.

జానీ దాన్ని చూసి పకపకా నవ్వాడు. "ఓరి నీ దుంపతెగ! ఇంకా ఉంచావా?" కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. కూచుని తన ఏడు ముక్కలు తీశాడు. బాబాయ్ తన ఏడూ పరిచి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నా జేబులో ఇస్పేటు తొమ్మిది వచ్చింది. బయటున్న తురుపు అదే.

జానీ ఒకసారి ఇటు చూశాడు, ఒకసారి అటు. తర్వాత చేతిలోవన్నీ బల్ల మీద పరిచేశాడు.

"తురుపులయిపోయాయి. ఆఠీన్లన్నీ మంచివే, కళావరు ఆసుంది. ఏడూ నావే. క్లెయిమ్."

క్లెయిమ్ అంటే మిగతాది ఆడక్కర్లేదు, అన్నీ నావేనని చెప్పేయడం. పెద్ద ఆటగాళ్ళంతా అలాగే చేస్తారు, టైము మిగులుతుంది. కానీ తురుపు అయిపోలేదు. అతని ఆఠీన్ని నా తొమ్మిది కోసేస్తుంది. నేను నోరు తెరిచాను. బాబాయ్ నా వైపు చూశాడు.

"ముక్కలు కింద పెట్రా" అన్నాడు మెల్లగా. తర్వాత జానీతో, "బాగా తీశావు."

"నీ ముక్కలుంటే ఎవడైనా తీత్తాడు బావా." కారు హారన్ కొట్టింది. జానీ మళ్ళీ వాటేసుకుని వెళ్ళిపోయాడు. ప్రవీణ్ గేటు దాకా సాగనంపడానికి పోయాడు. సెంటు వాసన కాసేపు ఉంది.

నేను తొమ్మిది తీసి బల్ల మీద కొట్టాను. "ఎందుకు చెప్పలేదు?"

"డమ్మీ మాట్లాడకూడదు."

"క్లెయిమ్ చేశాక డమ్మీ అయినా మాట్లాడొచ్చు. ఆ రూలు నాకు చెప్పింది నువ్వే."

బాబాయ్ జానీ ముక్కలు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. "సెప్తే ఏటవుద్ది? ఓడిపోయి ఎల్తాడు. ఇన్నేళ్ళకి నా బల్ల కాడికొచ్చి ఓడిపోయి ఎల్లాలా ఆడు?"

"మరి ఆ ఆట మర్చిపోయాడుగా!"

బాబాయ్ బోర్డు దగ్గరికి లాక్కుని జానీ ఏడూ జానీ జేబులో పెట్టాడు, తనవి తన జేబులో. నా ముందు చెయ్యి చాచాడు. తొమ్మిది ఇచ్చాను. దాన్ని మిగతా వాటితో కలిపి దాని జేబులో దోపాడు.

"ఇంకెందుకు బాబాయ్? అయిపోయిందిగా ఆట."

"ఎక్కడైపోనాదిరా? తురుపు బైట పెట్టుకుని సేసిన క్లెయిమ్ సెల్లదు. సెల్లకపోతే ఆట ఉన్నట్టే."

ఎర్ర బోర్డు తీసుకెళ్ళి బీరువా పై అరలో పెట్టాడు. తలుపేసే ముందు దాన్ని వేలితో కొంచెం లోపలికి జరిపాడు, జారి పడకుండా.