కరియ కొబ్బరి చిప్ప

నా చిన్నప్పుడు, శెనక్కాయ పీకేసిన చేలో ఎండాకాలం గొర్రెల మందను పెట్టించేవాళ్లు. రాత్రంతా గొర్రెలు ఆ నేల మీదే పడుకుంటే వాటి పెంట చేనుకు బలమని మా నాయన నమ్మకం. మందను తోలుకొచ్చే తాతకు, ఆ నాలుగు రోజులూ మా ఇంటి నుంచే సంగటి వెళ్లేది. ఒక ఏడు ఆ తాత మంద లేపుకుని పోతూ, గొంగడి మడతలోంచి నల్లటి కుక్కపిల్లను తీసి నా చేతుల్లో పెట్టాడు. ఒకే ఈతలో పిల్లలు ఎక్కువై దీనికి పాలు అందడం లేదట. చర్మం కింద పక్కటెముకలు వేళ్లకు తగులుతున్నాయి. నల్లగా ఉందని దానికి కరియ అని పేరు పెట్టాం.

మా ఇంట్లో ఎవరూ ఖాళీ గిన్నెను చూసి ఊరుకోలేరు. మా ఇంట్లోనే కాదు, వాన ఒక ఏడు వచ్చి రెండేళ్లు మొహం చాటేసే మా వైపు పల్లెలన్నీ అంతే. గడప తొక్కిన మనిషిని బాగున్నావా అని అడగడం మరిచిపోయినా, తింటివా అని అడగడం మరిచిపోరు. అట్లాంటి ఇంటికి ఎముకల గూడులాంటి కుక్కపిల్ల వచ్చింది. అమ్మ బర్రె పాలు పితికిన వెంటనే నురగతో సహా దాని ముందు పెట్టేది. నాయన తన కంచంలోని సంగటి ముద్ద విరిచి, పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ వేసి నూరిన ఊరిబిండి అద్ది మరీ తినిపించేవాడు. ఉత్త సంగటి మనిషికే దిగదు, కుక్కకెట్లా దిగుతుందని ఆయన వాదన. నేను బడి దగ్గర అంగడిలో కొన్న క్రీము బన్ను సగం దాచి తెచ్చేదాన్ని. కరియ అన్నీ తినేది. తోక ఊపుతూ తినేది. మాకు అంతకంటే ఏం కావాలి?

వారం తిరక్కముందే దానికి విరేచనాలు పట్టుకున్నాయి. వెనక కాళ్లు వణికేవి. నాయన దాన్ని సంచిలో పెట్టుకుని బత్తలపల్లెలో పశువుల డాక్టరుకు చూపించాడు. ఆయన నులిపురుగుల మందు తాగించి, కడుపుకు కొన్నాళ్లు తేలికగా పెట్టమన్నాడట. తేలికగా అంటే మాకు అర్థమైంది వేరు. సంగటి బరువు కదా అని పాలలో బ్రెడ్డు నానబెట్టాం. బ్రెడ్డు వంటబట్టలేదని నెయ్యన్నం కలిపాం. అది నీరసపడేకొద్దీ మేం ఇంకా పెట్టాం. చివరికి కరియ గిన్నె వైపు చూడటమే మానేసింది.

ఆ రోజు నాయన వసారాలో కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పాడు. "ఇది మన చేతిలో నిలిచేట్లు లేదు పాపా. పున్నానికి మంద మళ్లా ఇట్లే వస్తాది. ఆ తాతకే ఇచ్చేద్దాం. ఆయప్ప దగ్గరైనా బతుకుతాదేమో."

నాకు అన్నం దిగలేదు. అది పోతుందన్న బాధ ఒకటైతే, మందలోకి చేరేలోపు దారిలోనే చచ్చిపోతుందన్న భయం ఇంకొకటి. ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. అప్పటిదాకా మంచం మీద కూర్చుని అంతా చూస్తున్న మా జేజి, అంటే నాయనకు అమ్మ, లేచి వచ్చింది. పాత చీర చింపి కరియను తన మంచం కోడుకు కట్టేసింది. ఇక నుంచి దానికి ఎవరు ఏం పెట్టాలన్నా తన చేతికే ఇవ్వాలంది.

మేం ఇచ్చాం. అమ్మ పాలు తెచ్చింది. నాయన ముద్ద తెచ్చాడు. నేను బన్ను తెచ్చాను. జేజి దేన్నీ వద్దనలేదు. "ఆడ పెట్టి పోండి, నేను చూసుకుంటా" అనేది. మేం తృప్తిగా వెళ్లిపోయేవాళ్లం. కరియకు మాత్రం ఒక కొబ్బరి చిప్పలో, అదీ సగానికి, నీళ్లలాగా పలచగా కాచిన రాగి అంబలి కనిపించేది. అందులో ఇంత మజ్జిగ. ఉప్పు కూడా లేదు. అది నాకితే సరే, నాకకపోతే కాసేపటికి చిప్ప కడిగి బోర్లించేసేది. మళ్లీ చాలాసేపటికి గానీ చిప్ప పైకి లేచేది కాదు.

ఒక సాయంత్రం పెరట్లోకి వెళ్తే, జేజి గోడ నీడన కూర్చుని నా క్రీము బన్నును టీలో ముంచుకుని తింటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"కరియకు పెట్టమని ఇస్తే నువ్వు తింటాండావా జేజీ?"

ఆమె తడబడలేదు. మిగిలిన ముక్క కూడా నోట్లో వేసుకుని తాపీగా నమిలింది. "బాగుండాది. తీపే కొంచెం ఎక్కువ" అంది. పాలు కాఫీకి పోతున్నాయనీ, నాయన ముద్దలు కోళ్లు తింటున్నాయనీ కూడా ఆమే చెప్పింది. నేను ఏడుపు మొహం పెట్టేసరికి చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

అప్పుడు చెప్పింది. ఆమె నా అంత ఉన్నప్పుడు పెద్ద కరువు వచ్చిందట. గంజి పోసే చోటికి అందరూ గిన్నెలు పట్టుకుని పోయేవారట. అక్కడ ఎంత అడిగినా మొదట పలచటి గంజి, అదీ కొంచెమే పోసేవారట. జనం తిట్టుకునేవారట. జేజికి ఒక తమ్ముడు. ఎండిపోయిన ఆ పిల్లవాణ్ని చూసి ఓర్చుకోలేక వాళ్లమ్మ ఎక్కడో కాళ్లావేళ్లా పడి, ఇంత జొన్నసంగటి సంపాదించి, మొత్తం వాడికే కడుపు నిండా తినిపించిందట. వాడు నవ్వుతూ తిన్నాడట. ఎండిన కడుపు ఆ బరువు తట్టుకోలేక, తెల్లారేసరికి వాడు లేడట. ఆమెకు ఒక తమ్ముడు ఉండేవాడని ఆ రోజు వరకు మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు.

నేను లేవబోతుంటే అడిగింది. "నువ్వు బన్ను తెస్తివే, అది అడిగినాదా? నీకే పెట్టాలనిపించినాదా?"

జేజి అంబలి పోసిన చిప్ప నా చేతికిచ్చి, కరియ ముందు పెట్టి చూస్తూ కూర్చోమంది. చేయి పెట్టకూడదు, బతిమాలకూడదు, చూడాలి అంతే. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎంతసేపటికో కరియ ముక్కు కదిలింది. మెడ సాచి ఒకసారి నాకింది. ఆగింది. మళ్లీ నాకింది. చిప్ప ఖాళీ అయ్యాక తల ఎత్తి నా వైపు చూసి చిన్నగా మూలిగింది. మా ఇంటికి వచ్చాక అది నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. అంతవరకు అడిగే అవకాశం మేం ఇచ్చింది ఎక్కడ?

అంబలి మెల్లగా చిక్కబడింది. తర్వాత పెరుగు కలిపిన మెత్తటి సంగటి, ఆ తర్వాత ఉడికించిన గుడ్డు, ఇంట్లో కూర వండిన రోజు ఉప్పూ కారం తగలకముందే తీసి పెట్టిన మాంసం ముక్క. ఒకదానికి కడుపు అలవాటు పడ్డాకే ఇంకొకటి. పున్నమికి మంద వచ్చింది. కరియ ఆ తాతనే గుర్తుపట్టక, వసారాలోంచి గుంజుకుని మరీ మొరిగింది. నాయన ఇచ్చేయడం మాట ఎత్తలేదు. తన కంచంలోంచి ముద్ద విరిచి, జేజి వైపు చూసి, "పెట్టచ్చునామ్మా?" అని అడిగాడు.

"ఊరిబిండి తుడిచి పెట్టప్పా" అంది జేజి.

ఇప్పుడు అనంతపురంలో మా ఇంట్లో కూడా ఒక కుక్కపిల్ల ఉంది. అంగడిలో రంగురంగుల పొట్లాలు, ఫోనులో ఒక్కొక్కరు ఒక్కో సలహా. డాక్టరును అడిగి దాని వయసుకు తగినది ఒకటి ఎంచుకున్నాను. రోజుకొకటి మార్చను. నా భయాలన్నీ నిజానికి కుక్కపిల్ల గురించి కాదు, రెండేళ్ల మా పాప గురించి. పక్కింటి పిల్ల కంటే సన్నగా ఉందని, ఈ పూట రెండు ముద్దలే తిన్నదని నా ప్రాణం కొట్టుకుంటుంది. పాప గిన్నె తోసేయగానే నా చేయి దానంతటదే బిస్కెట్ల డబ్బా వైపు పోతుంది.

అప్పుడు జేజి ప్రశ్న గుర్తొస్తుంది. డబ్బా మూత తీయకుండా, గోడకు ఆనుకుని, పాప పక్కన నేల మీద కూర్చుంటాను. పాప ఆడుకుంటుంది. కుక్కపిల్ల పాప పాదాలు నాకుతుంది. నేను చూస్తూ ఉంటాను. కొంతసేపటికి పాప తనే వచ్చి, నా మోకాలి మీద చేయి వేసి, నోరు తెరుస్తుంది.