తలకిందులుగా పరిచిన బొమ్మ

ఆటల పోటీల్లో ఫొటోలు తీసే అతనికి ఒక పిచ్చి అలవాటుంది. పోర్ట్‌ఫోలియోకి బొమ్మలు ఏరేటప్పుడు వాటిని నేలమీద తలకిందులుగా పరుస్తాడు. మొహాలు చూస్తే మనసు దారి తప్పుతుందట. వెలుగూ నీడా చాలట. మోకాళ్లమీద పాకుతూ, గడ్డం గోక్కుంటూ, నచ్చినదానిమీద గుర్తుగా అగ్గిపుల్ల పెడతాడు. ఈరోజు మొదటి పుల్ల, పరుగుపందెంలో పడిపోయిన అమ్మాయికి దక్కింది.

"ఆ చేతి వంపు చూడక్కా, విల్లులా లేదూ!"

టీ తెచ్చిన అక్క అతనికి ఎదురుగా నిలబడింది. ఆమెకు బొమ్మ తిన్నగానే కనబడింది.

"ఒరేయ్, ఈ పిల్ల నొప్పితో విలవిల్లాడుతూ నీకేసి చెయ్యి చాపిందిరా! లేపావా?"

అతను గబుక్కున బొమ్మ తిప్పాడు. ఆ కళ్లు సూటిగా అతన్నే చూస్తున్నాయి. ఫొటో తీసిన ఆ క్షణంలో తానేం చేశాడో గుర్తొచ్చింది: ఆ చెయ్యి ఫ్రేములో పూర్తిగా పట్టడానికి, ఒకడుగు వెనక్కి వేశాడు.