లాభం, రెండు, మూడు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో మా బేస్‌మెంట్‌లో ఉండే ఐదుగురిలో కొమరయ్య అన్నే పెద్దవాడు. ముప్పై నాలుగేళ్లు. మానేరు ఒడ్డున వలలు వేసే ఇంట్లో పుట్టి, ఇక్కడికొచ్చి రెండేళ్ల డిప్లొమా చేశాడు. 2023లో కోర్సు అయిపోయింది. వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి, రోజూ లేవగానే ఫోన్‌లో స్టేటస్ చూసుకునేవాడు. అది వస్తేనే భార్య అన్నపూర్ణను పిలిపించుకోగలడు.

నేను కాలేజీ మధ్యలో మానేసినదాన్ని. ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. అందుకేనేమో, చేపలకు వెళ్తే నన్నే రమ్మనేవాడు.

"నువ్వొస్తే చేపలు బెదరవు చెల్లె."

జూలైలో ఒక శనివారం సాయంత్రం ఊరి బయటి లేక్‌కి వెళ్లాం. నీళ్లలోకి వేసిన చెక్కల మీద, చివరిదాకా నడిచి అన్న గాలం విసిరాడు. రబ్బరు వానపామును నాచు పక్కనే మెల్లగా ఈడుస్తుంటే నీళ్లు ఒక్కసారిగా ఎగిరాయి. బాస్ చేప గాల్లోకి లేచి తల విదిలించింది. దగ్గరికి లాగి, దాని కింది పెదవిని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.

"నోరు చూడు, మన ఓనర్ ఆంటీ లెక్క!"

గంటన్నరలో మూడు పడ్డాయి. ఐసు డబ్బాలో పెట్టాడు. పక్కనే కవర్లు. ముక్కల దగ్గర గొడవ రాకూడదని వాటి మీద వికాస్, స్వీటీ, రేవంత్ అని మాతో ఉండే మిగతా ముగ్గురి పేర్లు ఇంటి దగ్గరే నేను రాసి ఉంచాను.

అప్పుడొచ్చింది, చేపల లైసెన్సులు చూసే ఆఫీసర్. నవ్వుతూనే కార్డు చూసింది. ఆరు దాకా ఉంచుకోవచ్చు, ఎన్ని పట్టారు అని అడిగింది.

అన్న ఒక్కోటి బయటికి తీసి పెడుతూ లెక్కపెట్టాడు. వాళ్లింట్లో చేపలు ఎంచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. తెల్లావిడ కదా అని అన్న ఆ మాటను ఇంగ్లీషు చేశాడు.

"ప్రాఫిట్. టూ. త్రీ."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ప్రాఫిటా? వీటిని అమ్ముతారా?"

కవర్లు తిప్పి పేర్లు చదివింది. అన్న కంగారులో తలను భుజాల వైపు అటూ ఇటూ వాల్చి ఊపాడు. ఏం చెప్పాలో తెలీక ఊపిన ఊపని మనలో ఎవరికైనా అర్థమయ్యేది. ఆమె అవుననుకుంది.

సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పాలి. గొంతులో వాక్యాన్ని మూడుసార్లు పేర్చుకున్నాను. చివరికి బయటికొచ్చింది.

"మేడమ్, ఫర్ అస్, ఫస్ట్ ఫిష్ ఈజ్ ప్రాఫిట్."

ఆమె నోట్‌బుక్ తీసి, నా మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది.

తర్వాత అంతా మర్యాదగానే జరిగింది. సరదాకి పట్టే లైసెన్స్‌తో పట్టిన చేపను అమ్మకూడదంది. ఫోటోలు తీసింది. చేపలు, కవర్లు తీసుకుంది. అన్న పేరు, అడ్రస్, పుట్టిన తేదీ రాసుకుని, కోర్టు నుంచి లెటర్ వస్తుంది, చెప్పుకోవాల్సింది అక్కడ చెప్పుకోమంది.

"మేడమ్, మై వర్క్ పర్మిట్?"

అది తన చేతిలోది కాదంది.

ఖాళీ ఐసు డబ్బా మోసుకుంటూ కారు దాకా నడిచాం. తలుపు తీస్తూ అన్నాను.

"అన్నా, కోర్టుకి నేనూ వస్తా. లాభం అంటే ఏంటో సరిగ్గా చెప్తా."

అన్న తాళంచెవి తిప్పబోయి ఆగాడు. కోపంగా చూడలేదు. చూస్తే బాగుండేది.

"రా చెల్లె. నాకు తోడుంటవ్. కానీ ఏం మాట్లాడకు."