పాపాయి పెట్టిన నీళ్ళ పత్యం

పాపాయి ఇంటికి వచ్చేవాళ్ళు నమస్కారం పెట్టరు. గుమ్మం దాటుతూనే చొక్కా పైకెత్తుతారు. ఆడవాళ్ళయితే పక్కకి తిరిగి జాకెట్టు అంచు కాస్త లాగుతారు. నడుం చుట్టూ, వీపు మీద, పక్కటెముకల కింద, గుత్తులు గుత్తులుగా ఎర్రటి పొక్కులు. సర్పి. డాక్టర్లు దానికి వేరే పేరు పెట్టుకున్నారు గానీ, మండపేట చుట్టుపక్కల ఎవరినడిగినా సర్పే. పాము నడుముకి చుట్టుకుంటున్నట్టు సాగుతుందని, తలా తోకా కలిశాయంటే మనిషి దక్కడని నమ్మకం. అలా కలవగా చూసినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. చూసినవాళ్ళని చూసినవాళ్ళు మాత్రం ఊరికి పదిమంది ఉంటారు.

పాపాయి ఆ పొక్కుల వైపు చూడదు. చెయ్యి చాపుతుంది.

"షీటు ఏదీ?"

"షీటేంటండీ?"

"బిళ్ళల షీటు. పక్కూరి గవర్నమెంటాసుపత్రిలో ఇస్తారు. అది చేతిలో ఉంటేనే పొక్కుల చుట్టూ నా మట్టి గీత."

వచ్చినవాళ్ళకి ఇక్కడే మతి పోతుంది. బిళ్ళలు తప్పించుకుందామనే కదా వాళ్ళు ఇంతదూరం వచ్చింది! మంత్రం వేసే మనిషి మందుల షీటు అడగడం ఏంటని గొణుక్కుంటారు. పాపాయి వాదించదు. "బిళ్ళలు లేకపోతే గీత నిలవదు" అని ఒక్క ముక్క చెప్పి మళ్ళీ కుండలు చేసే సారె ముందు కూర్చుంటుంది.

సారె ఆమెది, మంత్రం కూడా ఆమెదే. రెండూ అత్తగారి దగ్గర నేర్చుకున్నవే. ఆ సారెకి ఇప్పుడు మోటారు ఉంది. కుండలు రాజమండ్రి హైవే మీద కుండ బిర్యానీ హోటళ్ళకి పోతాయి. మంత్రానికి మోటారు లేదు. మూడు ముక్కలు. రెండు అత్తగారు చెప్పినవి, మూడోది మర్చిపోతే పాపాయే కలుపుకుంది. భర్త అమ్మిరాజు పోయి ఎనిమిదేళ్ళయింది, పిల్లల్లేరు. అరవై నాలుగేళ్ళ మనిషి, చేతులు మాత్రం ముప్ఫయ్యేళ్ళవాళ్ళవిలా ఉంటాయి, ఎప్పుడూ తడి మట్టిలో నానడం వల్ల.

ఒకప్పుడు ఆమె ఎర్రమట్టి పూతని పొక్కుల మీదే దట్టంగా పూసేది. ఆ పని మాన్పించింది పక్కూరి ఆరోగ్య కేంద్రం డాక్టరు కౌముది. కోనసీమలో ఓ పూజారి గారి అమ్మాయి. అందువల్లే కాబోలు, ఆవిడకి మంత్రాలంటే భయమూ లేదు, భక్తీ లేదు. "పుండు మీద మట్టి పుయ్యకండి, చీము పడుతుంది. చుట్టూ గీత గీసుకోండి, మంత్రం మీ ఇష్టం. కానీ ముందు నా దగ్గరికి పంపండి. మూడు రోజుల లోపల బిళ్ళలు మొదలెడితేనే మందు బాగా పనిచేస్తుంది" అని బేరం పెట్టింది. గీత వల్ల ఒక లాభం కూడా కనిపెట్టింది: పొక్కులు గీత దాటాయంటే జబ్బు పాకుతోందని అటు పాపాయికీ తెలుస్తుంది, ఇటు డాక్టరుకీ తెలుస్తుంది. మూఢనమ్మకాన్ని ప్రోత్సహిస్తున్నారని ఓ మీటింగులో ఒక పెద్దమనిషి కౌముదిని నిలదీశాడట. "మీరు ఆ వీధిలో ఓ నెల కూర్చోండి. ఆవిడ పంపినంతమందిని పంపండి. గీత నేను మాన్పిస్తాను" అందట ఆవిడ. పెద్దమనిషి ఇంతవరకూ వచ్చి కూర్చోలేదు.

ఏడో నెల గర్భిణి ఒకామెను కూడా పాపాయి అలాగే పంపింది. డాక్టరు చూసి, బిళ్ళలు ఇచ్చి, మళ్ళీ చూసింది, కాన్పు చక్కగా అయింది. కానీ పాలిచ్చే తల్లి మాత్రం మొన్న రోహిణి కార్తె దాకా పాపాయి గుమ్మం ఎక్కలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆటో దిగింది దుర్గాశ్రీ. మొదటి కాన్పు, పుట్టింట్లో ఉంది, నలభై రోజులు దాటి నాలుగు రోజులయింది. తల చుట్టూ స్కార్ఫు, చెవుల్లో దూది. బయట కొబ్బరాకు కదలడం లేదు, ఆమె మాత్రం పుష్యమాసంలో ఉన్నట్టు మూటగట్టుకుని ఉంది. వెనకే తల్లి వీరవేణి, చేతుల్లో తువ్వాలు చుట్టిన పసిపాప. ఆ వెనక భర్త గణేష్‌బాబు, రైసుమిల్లులో సూపర్‌వైజరు, చేతిలో ఫోను.

"షీటు ఏదీ?" అంది పాపాయి.

దుర్గాశ్రీ షీటు తీసి ఇచ్చింది. ఒక్క బిళ్ళ కూడా విప్పలేదు.

"ఎప్పుడిచ్చారమ్మా ఇవి?"

"నిన్న పొద్దున్నండి. డాక్టరమ్మ గారు రోజుకి అయిదు వేసుకోమన్నారు."

"పొక్కులు ఎప్పుడు లేచాయి?"

"మొన్న సాయంత్రం."

పాపాయి వేళ్ళు ముడిచి లెక్క చూసుకుంది. మూడు రోజుల గడువులో ఇంకా ఒక రోజు పైచిలుకు మిగిలుంది. "మరెందుకు వేసుకోలేదు?"

జవాబు గణేష్‌బాబు చెప్పాడు. "ఆయ్, తప్పు నాదేనండి. డబ్బాలో కాగితం చదివాను. పాలలోకి వెళ్తుంది, జాగ్రత్త అని ఉందండి. డాక్టరు గారు పాలు మానక్కర్లేదన్నారు గానీ, కాగితం అలా అంటోంది. మెడికల్ షాపాయన్ని అడిగితే రిస్కెందుకండీ, వారం రోజులు డబ్బా పాలు పట్టేయండి అన్నాడు."

ఆ చిన్న కాగితం సంగతి చెప్పుకోవాలి. పల్చటి కాగితం మీద చీమల అక్షరాల్లో ఉండే ఆ రాత సగం రోగికోసం, సగం రేపెప్పుడో ఎవరైనా నిలదీస్తే చూపించుకోడానికి. "జాగ్రత్త" అని రాస్తే రాసినవాడికి పోయేదేమీ లేదు. "మానేయండి" అంటే షాపాయనకీ పోయేదేమీ లేదు. పోయేదేదైనా ఉంటే నలభై నాలుగు రోజుల పాపకి పోతుంది, నొప్పితో మెలికలు తిరుగుతున్న దాని తల్లికి పోతుంది.

"డబ్బా పాలు మా ఇంటావంటా లేదు" అంది వీరవేణి. "బిళ్ళలు వద్దు, డబ్బా వద్దు. మీరు నాలుగు గీతలు గీసి మంత్రం వేసెయ్యండి పాపాయమ్మ గారూ. మీ చెయ్యి చాలు."

"నువ్వేమంటావు తల్లీ?" అని పాపాయి దుర్గాశ్రీని అడిగింది. ఇంతవరకూ ఆమెని ఎవరూ అడిగినట్టు లేదు.

"నాకు పక్కటెముకల కింద నిప్పులు పోసినట్టుందండి. రాత్రంతా కూర్చునే ఉన్నాను. కానీ బిళ్ళ వేసుకుని పాలిస్తే దానికేమైనా అయితే?" దుర్గాశ్రీ పాప తువ్వాలు అంచు సర్దింది. "నేనే ఓర్చుకుంటానండి."

పాపాయికి నిజంగా తెలియదు. గీత ఎక్కడ గీయాలో తెలుసు, మందు పాలలోకి పోతే ఏమవుతుందో తెలియదు. తెలియదన్న సంగతి ఒప్పుకోవడం ఆమె వృత్తిలో అరుదు. ఫోను తీసి కౌముదికి కలిపి, స్పీకరు పెట్టింది.

"డాక్టరమ్మ గారండీ, నిన్న మీరు చూసిన బాలింత నా దగ్గరుందండి. బిళ్ళ పాలలోకి పోతుందని ఒక్కటీ మింగలేదండి."

అవతల ఓ నిట్టూర్పు వినిపించింది. "పోతుందండి. అబద్ధమెందుకు? చాలా కొంచెం పోతుంది. ఇదే జాతి వైరస్ పుట్టినబిడ్డలకి పట్టిందనుకోండి, ఇదే మందు మేం నేరుగా నరంలోకి ఎక్కిస్తాం. పాలలో వచ్చేది అందులో పిసరంత కూడా ఉండదు. దుర్గాశ్రీ గారూ, వింటున్నారా? పొక్కులు నడుం దగ్గరే కదా, రొమ్ము మీద లేవు కదా?"

"లేవండి."

"అయితే రెండువైపులా పాలివ్వండి. రొమ్ము మీద పొక్కు లేస్తే ఆ వైపు ఆపి నాకు ఫోన్ చెయ్యండి. మందు కంటే ఆ పొక్కుల్లో నీరే పాపకి ప్రమాదం. అది తగలకూడదు. శుభ్రమైన గుడ్డ కట్టుకోండి, పాపని ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. పాప పాలు తాగడం తగ్గించినా, ఒళ్ళు వెచ్చబడినా, పొక్కు కనబడినా ఆలోచించకుండా తీసుకొచ్చెయ్యండి. నీళ్ళు బాగా తాగుతున్నారా? ఆ బిళ్ళలకి నీళ్ళు ఎక్కువ తాగాలి, కిడ్నీల కోసం."

దుర్గాశ్రీ తల్లి వైపు చూసింది. "పూటకి ఓ గ్లాసండి. పత్యం కదండి."

"ఈ ఎండల్లోనా?" ఫోను అదిరింది. "వీరవేణి గారూ, పాలు దేంతో తయారవుతాయనుకుంటున్నారండీ?"

వీరవేణి ఫోనుకి దూరంగా జరిగింది. ఫోను పెట్టేశాక గొంతు వచ్చింది. "నీళ్ళు తాగితే బాలింతకి ఒళ్ళు చెమ్మగిల్లదూ? చదువుకున్నవాళ్ళు అలాగే అంటారు. అసలావిడకి పిల్లలున్నారా?"

"నాకు మాత్రం ఉన్నారా?" అంది పాపాయి. "మరి నా దగ్గరికెందుకొచ్చారమ్మా?"

గణేష్‌బాబుకి నవ్వొచ్చి, అత్తగారి మొహం చూసి ఫోనులోకి దిగిపోయాడు.

వీరవేణి వెనక్కి తగ్గలేదు. "మీ గీత మాకు చాలండి. మా ఆయనకి ఇరవయ్యేళ్ళ కిందట మీరు పూసిన పూతతోనే తగ్గింది. బిళ్ళల్లేవు, గిళ్ళల్లేవు."

ఇక్కడ పాపాయి చేయగలిగిన సులువైన పని ఒకటుంది. గీత గీసి పంపెయ్యొచ్చు. సర్పి ఎలాగూ కొన్ని వారాలకి ఎండిపోతుంది, పేరు పాపాయికే వస్తుంది. ఎండినా నొప్పి కొందరిని నెలల తరబడి వదలదు, ఆ సంగతి గీసినవాళ్ళని ఎవరూ అడగరు. ఇరవయ్యేళ్ళ కిందట ఆమె చేసింది అదే. పాపాయి షీటుని రెండుసార్లు అటూ ఇటూ తిప్పింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ఎడమ కనుబొమ పైకెత్తి వీరవేణికి దగ్గరగా చూపించింది. వెంట్రుకల్లో తెల్లటి మచ్చ, చింతగింజంత.

"ఇదేంటో తెలుసా అమ్మా?"

"ఏదో దెబ్బ."

"సర్పి. అయిదేళ్ళయింది. అద్దంలో చూసుకుంటూ నేనే పూత వేసుకున్నాను, నేనే మంత్రం చదువుకున్నాను. మర్నాటికి కన్ను మూసుకుపోయింది. రామచంద్రపురంలో చుట్టాలింటికెళ్తున్నానని ఊళ్ళో చెప్పి, ఈ డాక్టరమ్మ గారి దగ్గరికి పరిగెత్తాను. వారం రోజులు ఈ బిళ్ళలే మింగాను. కన్ను మిగిలింది. నా గీత నాకే పనిచేయలేదమ్మా. చల్లగా ఉంటుంది, ధైర్యంగా ఉంటుంది. అంతవరకే."

సారె మోటారు ఆపాలని ఎవరికీ తోచలేదు. ఖాళీగా తిరుగుతూనే ఉంది. పాపాయి ఈ మాట అంతవరకూ ఎవరితోనూ అనలేదు. వీరవేణి నోరు ఊరంత పెద్దది. సాయంత్రానికి మండపేట దాకా వెళ్తుందని పాపాయికి తెలుసు.

వీరవేణి ఇంకాస్త వంగి ఆ మచ్చని పరీక్షగా చూసింది. తర్వాత అడిగింది, "అయితే మీరు గీత వెయ్యరా?"

పాపాయి పకపకా నవ్వింది. "వేస్తానమ్మా! ఎందుకెయ్యను? కానీ పత్యం నాది. మీరు పెట్టింది కాదు."

పత్యం అన్న మాట వినగానే వీరవేణి సర్దుకుని కూర్చుంది. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు ఆమెకి చదువుకున్నవాళ్ళ చాదస్తంలా వినిపించాయి. పత్యం అలా కాదు, అది తప్పితే కీడు. పాపాయి వేళ్ళు మడుస్తూ చెప్పింది: రోజుకి అయిదు బిళ్ళలు, ఏడు రోజులు, ఒక్కటీ తప్పకూడదు. బిళ్ళకి ఓ చెంబు నీళ్ళు. పాప ఏడిస్తే పాలు. గీత మీద శుభ్రమైన గుడ్డ, రోజూ ఉతికి ఎండలో వేసినది. సబ్బుతో చేతులు కడుక్కోకుండా పాపని ముట్టుకుంటే పత్యం చెడిపోయినట్టే.

"చెంబు నీళ్ళా!"

"చల్లవి వద్దంటే వెచ్చబెట్టి ఇస్తాను. మాకు పొయ్యి లేదనుకున్నారా?"

నీళ్ళు వెచ్చబడ్డాయి. దుర్గాశ్రీ చెవుల్లో దూది తీసేసింది, ఎవరూ చెప్పకుండానే. బిళ్ళ నోట్లో వేసుకుని చెంబెత్తింది. గుటక గుటకకీ గొంతు కదులుతోంది. కాలవ కట్టేసిన నెలల తర్వాత పొలం బోదెలోకి మొదటి నీళ్ళు వదిలితే చేను ఎలా పీల్చుకుంటుందో అలా తాగింది. చెంబు దించి, మూతి తుడుచుకుని, సిగ్గుపడుతూ, "ఇంకోటి ఇస్తారా అండీ?" అంది. వీరవేణి అటువైపు తిరిగి కూర్చుంది. కూతురు అంత దాహంతో ఉందని ఆమెకి తెలియదు. తెలిసినట్టు ఒప్పుకోలేదు కూడా.

పాపాయి చేతులు కడుక్కుని, ఎర్రమట్టి రంగరించి, పొక్కులకి రెండు వేళ్ళ ఎడంగా చుట్టూ గీత గీసింది. మూడు ముక్కలూ చదివింది. ఈలోగా పాప లేచి ఏడుపందుకుంది. దుర్గాశ్రీ సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, నడుముకి గుడ్డ చుట్టుకుని, మూలకి తిరిగి పాలిచ్చింది.

గణేష్‌బాబు ఫోనులో అయిదు అలారాలు పెట్టుకున్నాడు. మిల్లులో అవి మోగినప్పుడల్లా భార్యకి ఫోను చేసేవాడు. మూడో రోజుకి హమాలీలు కూడా "సారూ, అమ్మగారి బిళ్ళ" అనడం మొదలెట్టారు.

గీత దాటలేదు. ఎనిమిదో రోజుకి పొక్కులు మాడి చెక్కు కట్టాయి, మంట సగానికి దిగింది. పాప బరువు పెరిగింది. పాపాయి భయపడినట్టు ఆమె రహస్యం మండపేట దాకా వెళ్ళలేదు. వీరవేణి చెప్పింది ఇంకోటి. ఆమె లెక్కలో కూతుర్ని బాగుచేసింది బిళ్ళలూ కాదు, గీతా కాదు. నీళ్ళు. పాపాయి పెట్టిన నీళ్ళ పత్యమట. అందులో ఏదో మహత్తు ఉందట.

ఇది విని కౌముది తల పట్టుకుంది. "ఏడు రోజులు బిళ్ళలు మింగింది కదండీ ఆ అమ్మాయి?"

"మింగిందండి."

"పాలు ఇచ్చింది కదా?"

"ఇచ్చిందండి."

"ఇంకేం? పేరు ఎవరికొస్తే నాకేంటి."

ఆ తర్వాత వారం పాపాయి ఎర్రమట్టి తెచ్చుకోడానికి వెళ్తూ వీరవేణి ఇంటి ముందునుంచి నడిచింది. అరుగు మీద దుర్గాశ్రీ పాపకి పాలిస్తోంది. తలకి స్కార్ఫు లేదు. వీరవేణి పక్కనే నిలబడి ఉంది, చేతిలో పెద్ద చెంబు.

"ఇంక చాలే అమ్మా, పొట్ట పగిలిపోతుంది" అంటోంది కూతురు.

"నోర్ముయ్యవే" అంది వీరవేణి. "తాగు. పత్యం చెడుతుంది."