లీటరు నీళ్లూ ఒక తాళమూ

బండల పాలిష్ ఫ్యాక్టరీలో పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్లు పారుతూనే ఉంటాయి. మిషన్ రాయిని అరగదీసేటప్పుడు పైనుంచి నీళ్లు పడాలి, లేకుంటే వేడికి బండ పగులుతుంది. ఆ నీళ్లు తెల్లటి బురదై వెనక గుంతలోకి పోతాయి. బురద కడగడం, బండలు మోసి లారీ దగ్గరికి చేర్చడం ఆడవాళ్ల పని. పదమూడేళ్లు చేశాను. అన్ని నీళ్ల మధ్య మేమెవరమూ గుక్కెడు నీళ్లు తాగేవాళ్లం కాదు.

కారణం చెప్పడానికి నాకు సిగ్గు లేదు. తాగితే పోవడానికి చోటు లేదు. మగవాళ్లు గోడ వెనక్కి పోయేవాళ్లు. మాకు చుట్టూ బోడి నేల, ఒక పక్క రోడ్డు. ఆఫీసు పక్కన మరుగుదొడ్డి ఉంది కానీ దానికి తాళం. ఆఫీసువాళ్లకు, బండలు కొనడానికి వచ్చేవాళ్లకు మాత్రమే తీసేవాళ్లు. అందుకని పొద్దున సంగటి తిన్నాక ఒక చెంబు నీళ్లు తాగి, మళ్లీ ఇల్లు చేరేదాకా నోట్లో చింతగింజ పెట్టుకుని చప్పరించేవాళ్లం. నాలుక తడిగా ఉంటే దప్పికను మోసం చేసినట్టే అనుకున్నాం.

ఒక ఎండాకాలం ఆశా కార్యకర్త వచ్చి అందరికీ ఓఆర్ఎస్ పొట్లాలు పంచింది. చెమటలో నీళ్లతో పాటు లవణాలు కూడా పోతాయని, ఇది తాగితే నీరసం రాదని చెప్పి వెళ్లింది. మా జట్టులో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. యాభై దాటాక పొదుపు సంఘంలో సంతకం నేర్పిస్తే, అక్కడితో ఆగకుండా మిగతా అక్షరాలు కూడా పట్టుకున్నాను. పొట్లం వెనక ఉన్నది కూడబలుక్కుని అందరికీ వినిపించాను. మొత్తం పొడిని ఒక లీటరు మంచినీళ్లలో కలిపి తాగాలి.

నాతో జతగా బండలు మోసే ఆమె నవ్వింది. ఆమె దూదేకుల వాళ్ల ఇంటి కోడలు. ప్రతి బండకూ ఆ కొస ఆమె పడితే ఈ కొస నేను పట్టేదాన్ని. చెల్లీ అని పిలిచి పిలిచి సొంత చెల్లెలే అయిపోయింది.

"లీటరు తాగితే లీటరు యాడ పోయల్లక్కా? మేస్త్రి నెత్తిన పోయల్లనా?"

అందరం పగలబడి నవ్వాం. ఆమె పొట్లం చింపి పొడి అరచేతిలో పోసుకుని నాకింది.

"ఉప్పుప్పగా, తియ్యతియ్యగా బాగుండాది. మందు కడుపులోకి పోతే చాలదా? నీళ్లెందుకు?"

అందరూ నాకారు. చదివినదాన్ని నేనే. నవ్వినదాన్నీ నేనే. నాకినదాన్నీ నేనే.

పది రోజులు అలాగే చేశాం. దప్పిక పెరిగింది. నోట్లో చింతగింజలు రెండయ్యాయి. ఒక మధ్యాహ్నం చెల్లెలు రెండు పొట్లాలు నాకి బండ ఎత్తింది. నాలుగడుగులు వేశామో లేదో ఆమె కొస జారి కింద పడింది. వేళ్లు కొంకర్లు పోయాయి. పిక్కలు రాళ్లలా బిగుసుకున్నాయి. "అక్కా, చేతులు నా మాట వినడం లే" అంది, అదీ ముద్దముద్దగా.

ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాను. రక్తం పరీక్ష చేసి, సెలైన్ పెట్టాక డాక్టరమ్మ ఏం జరిగిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తిట్టలేదు.

"కూరలో ఉప్పెక్కువైతే ఏం చేస్తావమ్మా?"

"నీళ్లు పోస్తా."

"మీరు నీళ్లు పోయలేదు, ఇంకా ఉప్పు వేశారు."

సోడియం, పొటాషియం లాంటి లవణాలను ఎలక్ట్రోలైట్లు అంటారట. నరం చెప్పింది కండ వినాలన్నా, గుండె తప్పకుండా కొట్టుకోవాలన్నా అవి కావాలి. కానీ నీళ్లతో కలిసి ఒక కొలతలో ఉండాలి. వట్టి పొడి నాకితే అది ఒంట్లో మిగిలిన నీళ్లను కూడా పేగుల్లోకి లాగేస్తుంది. మూత్రపిండాలకు అప్పటికే దెబ్బ తగిలింది, ఇంకొక ఎండాకాలం ఇలా గడిపితే అవి నిలవవు అంది డాక్టరమ్మ. రోజంతా నీళ్లు తాగగలిగితేనే ఆ పనికి పంపమంది. ఆ పని లేకుంటే చెల్లెలి ఇంట్లో పొయ్యి వెలగదు.

మరునాడు పొద్దున్నే లీటరు సీసాలో పొడి కలుపుకుని పోయి, మేస్త్రి బల్ల ముందు కూర్చుని చివరి చుక్క దాకా తాగాను.

"ఏం పెద్దమ్మా, పెండ్లికొచ్చినావా? లేయ్, లారీ నిలబడుండాది."

"మరుగుదొడ్డి తాళంచెవి ఇయ్యప్పా."

"అది మీకు కాదు."

"లీటరు తాగినా. ఇంగ గంట కూడా ఆగదు. ఇయ్యకుంటే ఈడనే, నీ కుర్చీ ముందరే కూర్చుంటా. కడిగే పని నీదే."

"సిగ్గు లేదా నీకు?"

"సిగ్గుపడి సిగ్గుపడే మా చెల్లెలు ఆస్పత్రిలో పడుండాది. ఇంగ నీ వంతప్పా, నువ్వు పడు."

వెనక్కి తిరిగి చూస్తే మా జట్టువాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. నేను పిలవలేదు. నలుగురి చేతుల్లోనూ సీసాలున్నాయి. మేస్త్రి లారీ వైపు చూశాడు, సీసాల వైపు చూశాడు, తాళంచెవి బల్ల మీద పడేశాడు.

అంతటితో తీరలేదు. ప్రతిసారీ వెళ్లి అడగాలి. అడిగిన ప్రతిసారీ నలుగురు మగవాళ్లు వినేలా "మళ్లీనా?" అనేవాడు. కొత్తగా వచ్చిన పిల్లలు ఆ మాటకు భయపడి మళ్లీ చింతగింజలు మొదలుపెట్టారు.

ఎనిమిదో రోజు చెల్లెలు పనికి వచ్చింది. సీసా ఇస్తే సగం తాగి ఆపేసింది. మేస్త్రి బల్ల వైపు చూసి మూత పెట్టేసింది. నేనే లేచాను. వెళ్లి తాళంచెవి అడిగాను. "మళ్లీనా?" అన్నాడు. "మళ్లీనే" అన్నాను. తలుపు తెరిచి, తాళం కప్పను చెవితో సహా కొంగులో వేసుకుని వెనక గుంత దాకా నడిచాను.

సాయంత్రం మేస్త్రి ఒక్కొక్కరినీ నిలదీశాడు. ఎవరూ నన్ను పట్టివ్వలేదు. తాళం లేక తలుపు తెరిచే ఉంది. ఆ గొడవలో చెల్లెలు సీసాలో మిగిలిన సగం కూడా తాగేసింది.

ఆ తాళం తీసింది నేనే. నా చేత్తోనే ఇక్కడ రాస్తున్నాను. కావాలంటే మేస్త్రిని తెల్ల బురదలో దిగి వెతుక్కోమనండి.